ఆ గదిలో కూర్చున్నందుకు

పటమట, విజయవాడ
9-11-1997

నువ్వు కూర్చున్నావు. ఆ గదిలో, రిజిస్ట్రార్ ఎదురుగా, కుర్చీలో వీపు ఆనించి కూర్చున్నావు. బయట మెస్ మెట్ల మీద వంటవాళ్ళు, వడ్డించేవాళ్ళు నీ మీద ఆశ పెట్టుకుని ఉంటే, నువ్వు లోపల కూర్చుని టీ తాగావు. ఆ టీ తెచ్చి ఇచ్చింది సొలొమోను. కప్పు అందుకున్నావు గాని వాడి మొహం వంక కూడా చూడలేదట.

ఎలా ఉన్నావు, ఒంట్లో బాగుంటోందా అని అడగను. కుర్చీల్లో కూర్చునేవాళ్ళకి బాగానే ఉంటుంది.

సొలొమోను గురువారం దిగాడు. ఉద్యోగం పోయింది. మీ యూనివర్సిటీ మెస్‌ని కాంట్రాక్టరు చేతిలో పెట్టేశారట, ఆ కాంట్రాక్టరు వీడిని వద్దన్నాడట. సొలొమోను తల్లి శౌరమ్మ చేపల గంప మా అరుగు మీద దించి, "ఏమయ్యా సైదావలీ, మీ చెల్లెలు అక్కడ లీడరన్నావుగా" అంది. అంతే అంది. తిట్టినా బాగుండేది. నువ్వు జనరల్ సెక్రటరీగా గెలిచావని తెలిసిన రోజు నేను షెడ్డులో అందరికీ మైసూర్‌పాక్ పంచి, శౌరమ్మ ఇంటికి కూడా పట్టికెళ్ళి, మీవాడి పనికి ఇక భయం లేదని మాటిచ్చాను. నీ పేరు మీద ఇచ్చిన మాట అది. ఇప్పుడు ఆ వీధిలోంచి పోవాలంటే సైకిల్ దిగి తల వంచుకుని పోతున్నాను.

కుర్చీలో కూర్చుంటే ఏమైందని అంటావు. నీకు తెలియదు కాబట్టి చెబుతాను. ఆడవాళ్ళు మా షెడ్డు వైపు రారు, నాన్న పరుపులు కుట్టే మనిషి, అందుకే ఈ షెడ్డు సంగతులు మనింట్లో ఎప్పుడూ అనుకోలేదు.

ఆటోనగర్లో మా లారీ బాడీల షెడ్డులో ఓనరు గదికి అద్దాల గోడ. లోపల ఆయన కుర్చీ, ఎదురుగా ఇంకొకటి. నేను హెల్పరుగా చేరిన ఏడు, పనివాళ్ళందరం మాలో అందరికంటే పాతవాడైన శౌరయ్యని మా తరఫున మాట్లాడమని లోపలికి పంపాం. ఆదివారం కూడా పని చేయిస్తున్నారు, ఆపించమని. మేం అద్దంలోంచి చూస్తున్నాం. ఓనరు బసవపున్నయ్యగారు కూర్చోమన్నాడు. శౌరయ్య కూర్చున్నాడు. కూల్‌డ్రింక్ తెప్పించాడు. శౌరయ్య తాగాడు. బయటికొచ్చి, ఆయన ఇబ్బందులు ఆయనకీ ఉన్నాయి, మనమే సర్దుకుందాం అన్నాడు. ఆ రోజు నుంచి మా షెడ్డులో ఒకటే కట్టుబాటు. మన తరఫున లోపలికెళ్ళినవాడు కూర్చోకూడదు. ఎంత మర్యాద చేసినా, కాళ్ళు పీకినా, నిలబడే మాట్లాడి నిలబడే రావాలి. అద్దంలోంచి మాట వినపడదు, మనిషి కనిపిస్తాడు. కూర్చున్నాడంటే అమ్ముడుపోయాడని లెక్క.

సొలొమోను మా షెడ్డులో పనిచేసినవాడే కదా. వెల్డింగు మంటకి కళ్ళు దెబ్బతిని, వాళ్ళ పిన్ని అమలమ్మ మీ మెస్‌లో ఉంటే ఆమె చెయ్యి పట్టుకుని అక్కడికొచ్చాడు. వాడికి ఈ కట్టుబాటు నేర్పింది నేనే. లోపల ఏం జరుగుతుందో చూసి రమ్మని టీ వంకతో మెస్‌వాళ్ళు వాడినే పంపారు. వాడు చూసింది వచ్చి చెప్పాడు.

నువ్వు ఆ కుర్చీలోంచి లేవాలి. అంటే ఆ పదవి వాళ్ళ మొహాన కొట్టి బయటికి రావాలి. ఇరవయ్యో తేదీ లోపల నాకు జవాబు కావాలి.

సైదావలి

హైదరాబాదు
17-11-1997

అన్నయ్యకి ఆస్మా సలాం.

అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో నీ ఉత్తరంలో లేదు. నాన్న ఉయ్యూరు వైపు పనికెళ్ళాడా, ఇంటి దగ్గరే ఉన్నాడా అదీ లేదు. ఇక్కడ చలి మొదలైంది. మా గదిలో దూది పరుపు నా ఒక్కదానిదే. మా గదిలో శ్రీదుర్గ అని కూచిపూడి నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. ఆ ఊరిదానివి కదా, ఒకసారి ఆడి చూపించమని అందరూ అడిగి అడిగి ప్రాణం తీస్తుంటారు, మా నాన్నది ఎరువుల కొట్టు అని చెప్పి చెప్పి అలిసిపోతుంది. రోజూ నా పరుపు మీదకొచ్చి దొర్లి, మీ నాన్నగారితో నాకూ ఒకటి కుట్టించవే అంటుంది. నాన్నతో చెప్పు.

ఇక నీ సంగతి. సొలొమోను మీద నీకెంత ప్రేమో నాకు తెలుసు. కాని మీ షెడ్డు వేరు, ఇది వేరు.

ఆ గదిలో హాస్టళ్ళ కమిటీ కూర్చుంటుంది. అందులో విద్యార్థులకి రెండు కుర్చీలున్నాయి. ఒకప్పుడు అవి లేవు. గెలిచినవాళ్ళని తలుపు దగ్గర నిలబెట్టి, చెప్పింది విని, సరే ఇక వెళ్ళండి అనేవాళ్ళట. తలుపు మూశాక అసలు నిర్ణయాలు జరిగేవి. మా ముందువాళ్ళు పరీక్షలు మానేసి, సస్పెండయి, ఇద్దరైతే చదువే పోగొట్టుకుని, ఆ రెండు కుర్చీలు వేయించారు. నేను అందులో నిలబడి ఉంటే వాళ్ళని అవమానించినట్టు. నీకిది అర్థం కాదని కాదు, అర్థం చేసుకోవని.

ఇంకో సంగతి. గెలిచిన రోజు మాతో ప్రతినిధి విధులు అని ఒక పేజీ పైకి చదివించారు. సర్వసభ్య సమావేశం ఏం తేల్చిందో దాన్ని మార్చకుండా లోపల చెప్పాలి. లోపల ఏం జరిగిందో దాచకుండా బయట చెప్పాలి. మెస్‌లో తిండి రెండేళ్ళుగా ఎలా ఉందో సొలొమోను నీకు చెప్పి ఉండడు. సాంబారులో పురుగులు. అడిగితే సరుకే అలా వస్తోందంటారు, నిజమే కావచ్చు, తినేవాడికి ఆ నిజం దేనికి. కాంట్రాక్టరు వద్దని మెస్‌వాళ్ళు సమ్మె పెట్టాక పిల్లలు బన్నుముక్కలు తిని క్లాసులకెళ్ళారు. సమావేశంలో చేతులెత్తమంటే కాంట్రాక్టరే కావాలని ఎత్తినవాళ్ళు ఎక్కువ. వాళ్ళు నన్ను గెలిపించినవాళ్ళు. వాళ్ళ మాట లోపల చెప్పకపోతే నేనెవరిని?

నాకు ఓటేసింది సొలొమోను కాదు అన్నయ్యా.

లోపల నేనింకా ఏం మాట్లాడానో నీకు రాయను. నువ్వు అడగలేదు. కూర్చున్నానా నిలబడ్డానా అని మాత్రమే నీకు కావాలి. కప్పు ఇచ్చిన మనిషి మొహం చూడలేదు, నిజం. ఎందుకు చూడలేదో కూడా రాయను.

అమ్మకి వేడినీళ్ళ కాపడం పెట్టమను.

ఆస్మా

పటమట
23-11-1997

నాకు ఓటేసింది సొలొమోను కాదు.

ఈ ముక్క రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది. నువ్వు తిన్న అన్నం వాడు వండాడు. నీ కంచం వాళ్ళ పిన్ని కడిగింది. ఓటు లేదు కాబట్టి వాళ్ళు నీ లెక్కలోకి రారు. చదువుకుని నువ్వు తేల్చింది ఇదన్నమాట. నేను ఏడో తరగతితో ఆపేసినవాణ్ణి, లైబ్రరీకి పోయి పేపరు చదవడం, రాయడం నాకు నేనే నేర్చుకున్నాను. నాకు ఇలాంటి తెలివి పట్టుబడలేదు.

ఆ వాక్యం సొలొమోనుకి చదివి వినిపించాను. వినిపించాల్సింది కాదంటావేమో. వాడి గురించి రాసింది వాడికి తెలియాలి. "నిజమే కదన్నా, మాకెక్కడుంది ఓటు" అని లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు ఇబ్రహీంపట్నం పోయి కరెంటు ఫ్యాక్టరీ దగ్గర బూడిద ఎత్తే కూలీల్లో కలిశాడు. మంటకి దెబ్బతిన్న కళ్ళు, ఇప్పుడు బూడిద. శౌరమ్మ రోజూ గంప ఎత్తుకుని మా ఇంటి ముందు నుంచే పోతుంది. ఇదివరకు అమ్మకి చిన్న రొయ్యలు పిడికెడు ఊరికే పెట్టి పోయేది. ఇప్పుడు అరుగు దగ్గర ఆగదు. అమ్మ గుమ్మంలోకి రావడం మానేసింది. మోకాలి నొప్పి అడిగావుగా, ఆ నొప్పి ఇదీ.

పురుగులంటావు. సరుకు కొన్నది సొలొమోనా? కొన్నవాడు కుర్చీలో ఉన్నాడు, వండినవాడు రోడ్డున పడ్డాడు. మీ సమావేశంలో చేతులెత్తినవాళ్ళకి ఈ సంగతి చెప్పాల్సింది ఎవరు? వాళ్ళ మాట లోపల చెప్పడమే నీ పనా, వాళ్ళకి బుద్ధి చెప్పడం నీ పని కాదా? పోస్టుమాన్‌ని ఎన్నుకోలేదు వాళ్ళు.

నా సంగతి కూడా విను. మొన్న మావాళ్ళు నన్ను లోపలికి పంపారు. వెల్డింగు చేసేవాళ్ళందరికీ నల్లద్దాల మాస్కులు ఇప్పించమని. సొలొమోను కళ్ళలాగా ఇంకొకరివి పోకూడదని. బసవపున్నయ్యగారు కూర్చోవయ్యా కూర్చోవయ్యా అని మూడు నాలుగు సార్లన్నాడు. కూల్‌డ్రింక్ తెప్పించాడు. నేను ముట్టలేదు. నిలబడి చెప్పాల్సింది చెప్పాను. చూద్దామన్నాడు. బయటికొస్తే మావాళ్ళు ఈలలు వేశారు. అద్దాలు ఇంకా రాలేదు, వస్తాయి. రాకపోయినా నేను తలెత్తుకుని తిరుగుతున్నాను. అది నీకుందా?

ఆ పదవి వదిలెయ్. వదలకపోతే రంజాన్‌కి ఇంటికి రావద్దు. నువ్వొస్తే నేను పండక్కి షెడ్డులోనే పడుకుంటాను. డిసెంబరు అయిదు లోపల తేల్చి రాయి.

సైదావలి

హైదరాబాదు
3-12-1997

అన్నయ్యా,

రాజీనామా ఇచ్చేశాను. మొన్న సోమవారం. నీ గడువు దాటలేదు.

ఇక ఆ గదిలో ఏం జరిగిందో రాస్తాను. ఇప్పుడు రాసినా నన్ను సమర్థించుకోవడం అవదు, సమర్థించుకోడానికి ఏ పదవీ లేదు.

ఆ రోజు పొద్దున్నుంచీ మెస్ మెట్ల దగ్గరికీ, హాస్టళ్ళకీ, రిజిస్ట్రార్ ఆఫీసుకీ తిరుగుతూనే ఉన్నాను. మధ్యాహ్నం లోపలికి పిలిచారు. సమావేశం తీర్మానం ఉన్నదున్నట్టు చదివాను, కాంట్రాక్టరే కావాలంటున్నారని. హాస్టళ్ళ చీఫ్ వార్డెన్ నవ్వాడు, ఇక పనయిపోయిందిగా అని ఫైలు మూయబోయాడు. విద్యార్థులు చెప్పమన్నది చెప్పాను, ఇప్పుడు నేను చెప్పాల్సింది వినండి అన్నాను. సరుకు కొనే కమిటీ ఎవరిదో, ఇన్నాళ్ళు పురుగుల గురించి మేం ఇచ్చిన ఫిర్యాదులు ఎక్కడున్నాయో అడిగాను. తిండి బాగోలేదని వంటవాళ్ళని తీసేస్తే, ఆ సరుకు కొన్నవాళ్ళని ఏం చేస్తారని అడిగాను. లేచి వెళ్ళమని అనలేకపోయారు, ఎందుకంటే అది నా కుర్చీ. నేను లేవలేదు. వాళ్ళు తొందరపడుతున్నకొద్దీ నేను వెనక్కి ఆనుకుని కూర్చున్నాను. సొలొమోను టీ తెచ్చింది అప్పుడే. కళ్ళెత్తి వాడిని చూస్తే నాకు ఏడుపొస్తుంది, ఆ మనుషుల ముందు ఏడిస్తే అంతా పోతుంది. అందుకని కప్పు వంకే చూశాను.

చివరికి రిజిస్ట్రార్ ఒప్పుకున్నాడు. జనవరిలో కమిటీ మళ్ళీ కూర్చునేదాకా పనిలో ఉన్నవాళ్ళు ఉన్నట్టే ఉండాలి, ఒక్కరినీ తీయకూడదు. సరుకు సంగతి అప్పుడు విచారిస్తారు. మినిట్స్‌లో రాయించాను.

ఆ మాట పట్టుకుని మెస్ దాకా పరుగెత్తాను అన్నయ్యా. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని వెళ్ళాను. మెట్లు దాదాపు ఖాళీ. అమలమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మిగతావాళ్ళంతా వెనక గేటు దగ్గర కాంట్రాక్టరు బల్ల ముందు వేలిముద్రలేసి వచ్చేస్తున్నారు. యూనివర్సిటీ పని మేమే మానుకుంటున్నాం, కాంట్రాక్టరు దయుంటే ఆయన దగ్గర చేస్తాం అని ఆ కాగితంలో ఉంది. మానుకున్నవాళ్ళకి నేను తెచ్చిన మాట వర్తించదన్నారు. కాంట్రాక్టరు కొంతమందిని పెట్టుకున్నాడు, సొలొమోను లాంటి గట్టిగా మాట్లాడేవాళ్ళని పంపేశాడు.

ఒక్క గంట ఆగితే సరిపోయేది. ఎందుకు లేచిపోయారో నాకు ఈ రోజుకీ తెలియదు. అడిగితే ఒక్కరూ నాతో మాట్లాడలేదు. సొలొమోను నన్ను చూసి ఉమ్మేసి వెళ్ళాడు. నేనేం చేశానో వాడిని అడిగి రాయి, నీకైనా చెబుతాడేమో.

ఇక మిగిలింది అమలమ్మ, ఆ ఇద్దరు. వాళ్ళ సంగతి జనవరిలో తేలుతుంది. ఖాళీ అయిన నా సీటుకి మళ్ళీ ఎన్నిక పెట్టారు, పదిహేనో తేదీ దాకా నామినేషన్లు. వార్డెన్ మనిషి కిరీటి అని ఒకడు వేశాడు, ఇంకెవరూ వేయలేదు. మరో కుర్చీలో ఉన్నవాడు ఆ గదిలో ఎప్పుడూ నోరు తెరవలేదు. నేను రాజీనామా ఇచ్చానని తెలిసి అమలమ్మ వచ్చింది. మధ్యాహ్నం తినలేదట కదమ్మా అని కంచంలో అన్నం పెట్టి తెచ్చింది.

నువ్వు నాకు ఓటు వేసినవాడివి కావు. నన్ను దించింది మాత్రం నువ్వే.

పండక్కి వస్తాను. నువ్వు షెడ్డులో పడుకోనక్కర్లేదు.

ఆస్మా

పటమట
8-12-1997

ఎవరు చెప్పారు నీకు నా మాట వినమని?

నీకు ఓటేసినవాళ్ళు అక్కడున్నారు. పదవి దిగేముందు వాళ్ళని అడిగావా? ఒక్కరినైనా పిలిచి, మా అన్న ఇలా అంటున్నాడు ఏం చేయమంటారు అన్నావా? ఓటు లేదని సొలొమోను మాట పక్కన పెట్టావు. మరి నాకెక్కడుంది ఓటు అక్కడ? విజయవాడలో కూర్చుని తిట్టేవాడి మాటకి ఇచ్చేయడానికి అది నీ సొత్తా? అమ్మ గాజులా అవి, తీసి ఇవ్వడానికి?

నిన్న ఆదివారం పని మానేసి ఇబ్రహీంపట్నం పోయాను. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని పోయాను. సొలొమోను బూడిద కొట్టుకుపోయి, ముసలాడిలా ఉన్నాడు. టీకొట్టు బల్ల మీద కూర్చోబెట్టి నువ్వు రాసిందంతా చదివాను. వాడు సగంలో ఆపమన్నాడు. మళ్ళీ చదవమన్నాడు. రిజిస్ట్రార్ ఒప్పుకున్న ముక్క దగ్గర మళ్ళీ ఆపమన్నాడు. అప్పుడు అడిగాను, ఏరా, బయటికొచ్చి మీవాళ్ళకి ఏం చెప్పావురా అని.

"ఏం చెబుతానన్నా. కూర్చుంది అని చెప్పాను."

అంతేనా అన్నాను.

"అంతే. ఇంకేం చెప్పాలి. మన షెడ్డులో చెప్పుకునేదేగా. ఆ పిల్ల కూర్చుందిరా, అయిపోయింది, ఇక కాంట్రాక్టరు కాళ్ళు పట్టుకోవడమే అన్నాను. అందరూ లేచారు."

అర్థమైందా నీకు? నువ్వు అడుగుతున్నావుగా, ఒక్క గంట ఎందుకు ఆగలేదని. నువ్వు లోపల వాళ్ళ కోసం కూర్చున్నావు. కూర్చున్నావు కాబట్టి వాళ్ళు బయట లేచిపోయారు. హైదరాబాదు మనుషులకి మా షెడ్డు కట్టుబాటు ఎందుకు తెలుస్తుంది. సొలొమోను చెప్పాడు. సొలొమోనుకి నేను చెప్పాను. ఆటోనగర్లో పుట్టిన మాట అక్కడికొచ్చి అంతమంది చేత వేలిముద్రలు వేయించింది.

మరి అమలమ్మ ఎందుకు లేవలేదని అడిగాను. వాడు తలొంచుకుని చెప్పాడు. ఆవిడ అందట, "కూర్చోనీయరా, ఆ పిల్ల పొద్దున్నుంచీ కాళ్ళ మీదే ఉంది." అని కొంగు పరుచుకుని అక్కడే కూర్చుందట. ఆవిడకి కట్టుబాటూ తెలియదు, ప్రతినిధి విధులూ తెలియవు. నీ కాళ్ళ వంక చూసింది. నేను చూడలేదు, సొలొమోను చూడలేదు.

దీనికి నేను తల గోడకేసి కొట్టుకుంటానని అనుకోకు. అది తర్వాత. ఇంకా ఉంది, విను.

ఇవాళ పొద్దున మళ్ళీ ఓనరు గదిలోకి పోయాను, నల్లద్దాల గురించి. అలవాటు చొప్పున నిలబడ్డాను. బసవపున్నయ్యగారు కూర్చోమనలేదు ఈసారి. కూర్చోమనరేంటండీ అన్నాను, నవ్వుతూనే అన్నాను. ఆయనా నవ్వాడు. "నువ్వు నిలబడే మనిషివని తెలిశాక నాకు హాయిగా ఉందయ్యా. నిలబడ్డవాడు చెప్పేసి పోతాడు. వెనకటికి శౌరయ్య కూర్చుంటే పొద్దుపోయేదాకా వదిలేవాడు కాదు. ఆదివారం ఆపలేనంటే ఆపలేను గాని, మీరు టిఫిన్లకి పని ఆపే గంటసేపు ఆ రోజు వాడు లాక్కున్నదే." ఆ టిఫిన్ల గంట మేం ఇన్నేళ్ళుగా వాడుకుంటూనే ఉన్నాం. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరం అడగలేదు. శౌరయ్యతో ఎవరం మాట్లాడక మాట్లాడక, ఆయన చివరికి షెడ్డు మానేసి కంకిపాడులో సైకిల్ పంక్చర్లు వేసుకుంటున్నాడు.

నేను బయటికొచ్చాను. మావాళ్ళు ఈలలు వేశారు. అద్దాలు రాలేదు. నేను నిలబడి తెచ్చింది ఇంతవరకూ ఈలలే.

ఇప్పుడు నీ పని చెబుతాను.

పదిహేనో తేదీ దాకా గడువుందన్నావు. నువ్వు మళ్ళీ నామినేషన్ వెయ్యి. అన్న తిట్టాడని దిగానని చెప్పడానికి సిగ్గయితే సిగ్గుపడుతూనే చెప్పు, నవ్వుతారు, నవ్వనీ. కాంట్రాక్టరు కావాలని చేతులెత్తిన ప్రతి గదికీ పో. తీపి మాటలు చెప్పకు. ఓటు మీది, ఆ గదిలో మీ మాట చెబుతాను, దానితో పాటు మీ కంచం కడిగేవాళ్ళ మాట కూడా చెబుతాను, ఇష్టమైతే వేయండి అని ముందే చెప్పు. తర్వాత చెబితే మోసం. పురుగుల సరుకు ఎవరు కొన్నారో అక్కడ కూడా అడుగు, లోపల అడిగినట్టే. ఓడిపోతావేమో. ఓడిపో. కిరీటి ఒక్కడి పేరే ఉండి, ఓటే లేకుండా ఆ కుర్చీలోకి పోకూడదు.

ఇంకోటి. ఈసారి లోపలికి పోయేముందు మెట్ల దగ్గరికి పోయి, నేను లోపల కూర్చుంటాను, పని అయ్యేదాకా లేవను, మీరూ లేవద్దు అని నీ నోటితో చెప్పు. పిల్లలకీ చెప్పు, వంటవాళ్ళకీ చెప్పు. నువ్వు లోపల చేసే పని బయటివాళ్ళకి ముందు తెలియాలి. ఆ పేజీలో ఇది రాసి ఉందో లేదో నాకు తెలియదు. లేకపోతే నువ్వు రాయించు.

సొలొమోను ఇక అక్కడికి రాడు. రానన్నాడు. నిన్ను చూసి ఉమ్మినందుకు చెప్పమన్నది కూడా ఏమీ లేదు, నేను అడిగాను. శౌరమ్మ ఇంకా మా అరుగు దగ్గర ఆగడం లేదు. వాడి పని పోయింది, అది తిరిగి రాదు, ఆ లెక్క నీదీ నాదీ ఎప్పటికీ తీరేది కాదు. అమలమ్మ పని ఇంకా పోలేదు.

పోస్టుని నమ్మి ఈ ఉత్తరం వేయడం లేదు. మా షెడ్డులో బాడీ కట్టిన లారీ రేపు హైదరాబాదు వస్తోంది, డ్రైవరు అఫ్రాజ్ మీ గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇస్తాడు. గురువారం సాయంత్రం నాలుగింటికి తిరుగు ప్రయాణంలో అదే గేటు దగ్గర లారీ ఆపుతాడు. సరుకుతో ఉంటాడు, ఎక్కువసేపు ఆగలేడు. నామినేషన్ వేశానని రాసి వాడి చేతికివ్వు. ఆలోచిస్తున్నానని రాయకు, క్షమించానని రాయకు, పండగ గురించి రాయకు. వేశాను అని ఒక్క ముక్క. గురువారం, నాలుగింటికి.

సైదావలి